మే నెల ఎండ, మార్చి నెల నీళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏలూరు నుంచి ఒక పాఠకురాలు రాసింది పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. వాళ్లమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. అమ్మానాన్నల్ని మే నెలలో రప్పించుకుని దక్షిణ యూరప్‌లో ఎక్కడైనా వారం రోజులు తిప్పాలని ఆమె ఆలోచన. గ్రీసు, ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, ఎటు చూసినా ఆగస్టు కంటే మేలో విమానం, గది బాగా చౌక. "సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది, అందుకే చౌక అంటోంది మా అమ్మాయి. మే నెలంటే నడినెత్తిన నిప్పులు కదండీ, సముద్రం చల్లగా ఎందుకుంటుంది? ఇంతకీ ఎక్కడికి వెళ్తే మంచిది?" అని ఆవిడ అడిగారు. రెండో ప్రశ్నకి జవాబు చిన్నది, చివర్లో చెబుతాను. మొదటి ప్రశ్నలో మాత్రం వేల ఏళ్ల పొరపాటు ఒకటి, ఒక సముద్రపు అడుగు, మన రుతుపవనాలు అన్నీ దాగి ఉన్నాయి.

సూర్యుడి లెక్క ముందు ముగించేద్దాం. జూన్ 21న సూర్యుడు ఉత్తరాన చివరికంటా వెళ్లి వెనక్కి తిరుగుతాడు. ఆ తేదీకి నెల ముందూ నెల తరవాతా ఆయన ఉండేది ఒకే చోట. మే 21న ఏథెన్స్‌లో మధ్యాహ్న సూర్యుడు సుమారు 72 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. జూలై 23న కూడా అంతే. రెండు రోజుల్లోనూ పగలు 14 గంటల పైమాటే. మేలో వెళ్లినవారికి దొరికేది అచ్చంగా జూలై ఎండ. అయినా క్రీట్ తీరంలో మే నెల నీరు 19, 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆగస్టులో 25 దాటుతుంది. బార్సిలోనా దగ్గర మేలో 17, 18. ఇంకా విచిత్రం చూడండి. అక్టోబరు 21న సూర్యుడు ఫిబ్రవరి 20 నాటి ఎత్తుకి దిగిపోయి ఉంటాడు, అయినా ఆ రోజు క్రీట్ నీరు మే నెల నీటికంటే వెచ్చన.

ఎండ తగ్గుముఖం పట్టాక వేడి ఎందుకు ముదురుతుందన్న ప్రశ్న మధ్యధరా ప్రజలకి కొత్తది కాదు. పాతకాలంలో వాళ్లకి దొరికిన జవాబు సిరియస్, మన మృగవ్యాధుడు. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే కాంతిమంతమైన ఈ చుక్క కొన్ని వారాలు సూర్యుడి వెలుగులో కనబడకుండా పోతుంది. ఆ రోజుల్లో గ్రీసు వాళ్లకి జూలై చివర్లో తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపించేది. వేడి ముదిరేది కూడా సరిగ్గా అప్పుడే. రెండూ కలిసి వచ్చేసరికి, చుక్క తన వేడిని సూర్యుడి వేడికి జత చేస్తోందని నమ్మారు. హోమర్ దాన్ని జ్వరాలు తెచ్చే చుక్క అన్నాడు. దాని రాకతో సముద్రాలు పొంగుతాయనీ, నేలమాళిగల్లో ద్రాక్షసారా కదులుతుందనీ రోమ్‌లో ప్లినీ రాశాడు. అతనికి ఇంచుమించు నూరేళ్ల ముందే జెమినస్ అనే గ్రీకు ఖగోళ రచయిత ఈ నమ్మకాన్ని ఖండించాడు. వేడి సూర్యుడిది, చుక్క ఆ రోజులకి గుర్తు మాత్రమే అన్నాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం మనమూ. రోళ్లు పగలగొట్టేది రోహిణి కాదని, అది కాలానికి పెట్టుకున్న గుర్తు అని మన రైతుకి తెలుసు. జెమినస్ చెప్పింది ఆ మాటే. అయినా పదిహేను వందల ఏళ్ల తరవాత కూడా యూరప్ పంచాంగాలు సిరియస్ రోజుల్ని చూసి భయపడుతూనే ఉన్నాయి!

అసలు కారణం మన శ్రీశైలం జలాశయాన్ని చూస్తే తెలిసిపోతుంది. వరద ఏ రోజు అత్యధికమో ఆ రోజు జలాశయం నిండదు. వరద తగ్గడం మొదలైనా, వచ్చే నీరు పోయే నీటికంటే ఎక్కువున్నంత కాలం మట్టం పెరుగుతూనే ఉంటుంది. రెండూ సమానమైన రోజున పెరగడం ఆగుతుంది. సముద్రంలో వేడీ ఇదే పద్ధతిలో చేరుతుంది. జూన్ 21 అనేది రాబడి ఎక్కువగా ఉండే రోజు. నిలవ గరిష్ఠానికి చేరేది ఆగస్టులో. ఏడాదికి ఒకసారి పెరిగి తగ్గే రాబడికి నిలవ ఎంత వెనకబడగలదో గణితం ఒక హద్దు గీసింది. ఎంత పెద్ద నిలవైనా పావు ఏడాదికి, అంటే మూడు నెలలకి మించి వెనకబడలేదు. నేల ఇంచుమించు ఒక నెల, మధ్యధరా సముద్రం రెండు నెలలు వెనకబడతాయి.

ఈ లెక్క చేత్తో వేసుకుంటేనే దీని అందం తెలుస్తుంది. ఒక చదరపు మీటరు సముద్రం తీసుకోండి. మే, జూన్ నెలల్లో దాని మీద రోజుకి సుమారు 25 మెగాజౌళ్ల ఎండ పడుతుంది. ఆవిరికి ఖర్చయ్యేది, పరారుణ కిరణాలుగా ఆకాశానికి తిరిగిపోయేది తీసేస్తే నికరంగా 10 మెగాజౌళ్లు మిగులుతాయనుకుందాం. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.1 మెగాజౌళ్లు కావాలి. గాలికి కలిసిపోయే పైపొర 20 మీటర్లు అనుకుంటే డిగ్రీకి 82 మెగాజౌళ్లు. ఒక్క డిగ్రీకి ఎనిమిది రోజులు! మే మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా 80 రోజులకి పది డిగ్రీలు రావాలి. నిజంగా కొలిస్తే వచ్చేది ఆరు నుంచి ఎనిమిది, ఎందుకంటే జూలై నుంచి నికర మిగులు తగ్గుతూ వస్తుంది. చిత్తు కాగితం మీద నాలుగు అంకెలతో ఈ జలరాశి పంచాంగం ఇంత దగ్గరగా పట్టుబడడం నన్ను ఎప్పుడూ ఆనందపరుస్తుంది.

బడి పుస్తకాల మీద నాకో ఫిర్యాదు ఉంది. నీటి విశిష్టోష్ణం ఎక్కువ కాబట్టి సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుందని చెప్పి అక్కడితో ఆపేస్తారు. ఘనపరిమాణం లెక్కన చూస్తే నీరు రాయికంటే ఇంచుమించు రెట్టింపు వేడిని దాచుకుంటుంది. ఆ రెట్టింపుతోనే ఇంత తేడా రాదు. అసలు సంగతి కదలిక. పగటి వేడిలో ఎక్కువ భాగం మట్టిలో పది పదిహేను సెంటీమీటర్లకి మించి దిగదు, ఏడాది పొడవునా వచ్చే హెచ్చుతగ్గులు కూడా కొన్ని మీటర్లలోనే అణిగిపోతాయి. అక్కడ వేడి రేణువు నుంచి రేణువుకి పాకాల్సిందే. సముద్రంలో అలా కాదు, గాలీ అలలూ దాన్ని కిందికి మోసుకుపోతాయి. పైగా వెలుగు నేరుగా లోపలికి దిగుతుంది. పర్యాటక చిత్రాల్లో ఏజియన్ నీలం అంత స్వచ్ఛంగా ఉండడానికి కారణం ఆ నీటిలో పోషకాలు, వాటితో పెరిగే నాచు చాలా తక్కువ కావడం. స్వచ్ఛమైన నీటిలో వెలుగు లోతుకి పోతుంది, వేడీ దాంతోపాటే పలచబడుతుంది.

  

ఇక మే నెల నీరు ఎక్కడ మొదలైందో చూడాలి. చలికాలంలో చల్లబడిన నీరు బరువెక్కి మునుగుతుంది, తుఫాను గాలులు పై నీటినీ కింది నీటినీ కలిపేస్తాయి. ఫ్రాన్స్‌కి దక్షిణాన లయన్ సింధుశాఖలో కొన్ని చలికాలాల్లో ఈ కలయిక రెండువేల మీటర్ల అడుగుదాకా వెళుతుంది. మధ్యధరా అడుగు మొత్తం 13 డిగ్రీల దగ్గర ఉండడానికి ఈ చలికాలపు నీరే మూలం. అదే లోతున అట్లాంటిక్‌లో మూడు నాలుగు డిగ్రీలే. ఆ చల్లని అట్లాంటిక్ నీటిని జిబ్రాల్టర్ దగ్గర సుమారు 300 మీటర్ల లోతున ఉన్న గట్టు అడ్డుకుంటుంది. 1870లో పోర్కుపైన్ ఓడ మీద వెళ్లిన విలియం కార్పెంటర్ ఉష్ణమాపకాలు దింపి, కొద్ది లోతు దాటాక కిందంతా ఒకే వేడి ఉందని చూశాడు. మార్చిలో పశ్చిమ తీరాల్లో పైనీరు కూడా ఇంచుమించు ఈ 13కే దిగుతుంది. మేలో పైన ఏర్పడే వెచ్చని పొర ఇంకా పలచన. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి రెండు రోజులు గట్టిగా వీస్తే మార్సెయ్ తీరంలో ఆ పొర చెదిరిపోయి కింది చల్లదనం మళ్లీ పైకి వస్తుంది.

మరి మనకి మేలోనే వేడి ఎందుకు ముదురుతుంది? ఏలూరులో సూర్యుడు మే మొదటి వారంలోనే సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరవాత నిలవ ఇంకా పెరగాల్సిందే గాని, జూన్‌లో రుతుపవనాలు వచ్చి మబ్బుతో రాబడిని, తడితో నేల వేడిని ఒకేసారి కోసేస్తాయి. మన వేసవి సగంలో తెగిపోయిన వేసవి. ఆ తెగిపోవడమే మధ్యధరా ఎండని పెంచుతుంది! మధ్యధరా వేసవి పొడిగా ఉండడానికి భూమధ్యరేఖ దగ్గర లేచిన గాలి అక్కడ దిగడమే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. వేసవిలో ఉత్తరార్ధగోళంలో ఆ దిగుడు బలహీనం, కాబట్టి ఆ వివరణ చాలదు. 1996లో వాతావరణ శాస్త్రవేత్తలు మార్క్ రాడ్‌వెల్, బ్రయన్ హాస్కిన్స్ అసలు ముడిని చూపించారు. మన దక్షిణాసియా వానల్లో విడుదలయ్యే వేడి ఒక పెద్ద తరంగాన్ని పడమటికి పంపుతుంది, దాని ప్రభావంతో తూర్పు మధ్యధరా మీద గాలి కిందికి దిగి ఆకాశం తేటపడుతుంది. ఏజియన్‌లో జూలై, ఆగస్టు నెలల్లో ఉధృతంగా వీచే మెల్టెమి ఉత్తర గాలికీ ఈ రుతుపవన వ్యవస్థతో బంధం ఉంది. మేలో మనకి వానలు రాలేదు గనక అక్కడ పడవలకి ఆ గాలి బాధ ఇంకా తక్కువ.

పోర్చుగల్ పడమటి తీరానిది వేరే కథ. వేసవిలో అక్కడ ఉత్తరం నుంచి గాలి వీస్తుంది. ఫ్రామ్ ఓడ మీద చేసిన ఆర్కిటిక్ యాత్రలో మంచు పలకలు గాలి దిక్కుకి కుడివైపు జరుగుతున్నాయని ధ్రువ యాత్రికుడు నాన్సెన్ గమనిస్తే, 1905లో ఎక్‌మన్ అనే సముద్ర శాస్త్రవేత్త దానికి గణితం ఇచ్చాడు. ఉత్తరార్ధగోళంలో పైనీరు మొత్తం మీద గాలికి కుడివైపు లంబంగా కదులుతుంది. పోర్చుగల్‌లో కుడివైపంటే పడమర, నడిసముద్రం వైపు. ఖాళీ అయిన చోటికి కింది నుంచి చల్లని నీరు వస్తుంది. ఆగస్టులో కూడా లిస్బన్ పడమటి తీరంలో నీరు 20 డిగ్రీలు దాటడం కష్టం. నీటి కోసం అక్కడ ఆగస్టు ధర కట్టడం డబ్బు పారేసుకోవడమే.

ఇక ఎంపిక. దక్షిణ యూరప్‌లో సెలవుల ధర ఎండ వెంట నడవదు, నీటి వెంట, బడి సెలవుల వెంట నడుస్తుంది. రెండూ ఆగస్టులోనే కలుస్తాయి, ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగనాటికి ఇటలీ ఇటలీయే తీరానికి చేరుతుంది. మేలో వెళ్లేవాళ్లు సముద్రం కాకుండా నేలని ఎంచుకోవాలి. సెవిల్, కోర్దోబా లాంటి లోపలి ఊళ్లు అప్పటికే 27, 28 డిగ్రీలకి వచ్చి హాయిగా ఉంటాయి, జూలైలో 36 దాటిపోతాయి. ఏథెన్స్‌లో 2023 జూలై వడగాలులకి అక్రోపోలిస్‌ని మధ్యాహ్నాలు మూసేశారు. అదే గుట్ట మేలో సాయంత్రం దాకా ఎక్కొచ్చు. నీళ్లలో దిగాలన్న కోరిక ఉంటే తూర్పుకి, సైప్రస్, రోడ్స్, క్రీట్‌లకి వెళ్లాలి. మలగా వైపు వద్దు, అది చల్లని అట్లాంటిక్ పైనీరు లోపలికి వచ్చే దారి మీద ఉంది. ఈతే ముఖ్యమైతే మే మానేసి అక్టోబరు మొదట్లో వెళ్లండి.

ప్రయాణ ప్రకటనలు గాలి వేడి చెప్పి నీటి వేడి చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. యూరోపియన్ యూనియన్ వారి కోపర్నికస్ సముద్ర సేవ రోజూ ఆ లెక్కలు ఉచితంగా ఇస్తోంది, ప్రకటనలో ఒక్క అంకె వేయడానికి ఏమడ్డు? తేదీల విషయంలో మూడు జాగ్రత్తలు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పెంటెకోస్ట్ పండగ తరవాత రెండు వారాలు బడి సెలవులు, మ్యూనిక్ నుంచి ఆ వారాల్లో టికెట్లు పెరుగుతాయి. బ్రిటన్‌లో మే చివరి వారం అలాంటిదే. గ్రీసు ఈస్టర్ ఒక్కోసారి మేలో పడుతుంది, 2024లో మే 5న వచ్చింది. భారత పాస్‌పోర్టు మీద వెళ్లే తల్లిదండ్రులకి షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మే ప్రయాణమైతే డిసెంబరులోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి, మన వేసవి సెలవుల రద్దీ మొదలయ్యాక దొరకడం కష్టం.