తాళానికి పేలే తుపాకీ: ఒక వీడియో గేమ్ గురించి



బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరై, ప్రస్తుతం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఈమధ్య మన ట్రస్టు ఉపకారవేతనాల ఇంటర్వ్యూలో ఒక విద్యార్థిని "ఖాళీ సమయంలో ఏం చేస్తావు బాబూ?" అని అడిగాను. "పాట తాళానికి తుపాకీ పేల్చే వీడియో గేమ్ ఆడతానండీ" అన్నాడు. తుపాకీ అన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. ఇంకేమీ అడగకుండా అభిరుచుల గడిలో పదికి మూడు మార్కులు వేశాను. రెండు మార్కుల తేడాతో అతని పేరు వెయిటింగ్ లిస్టులోకి వెళ్లింది.

ఇంటికి వచ్చి ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవడితో ఈ సంగతి చెప్పాను. "ఒకసారి చూసి చెప్పండి తాతయ్యా" అంటూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆ గేమ్ పేరు 'మెటల్: హెల్‌సింగర్'. స్వీడన్‌లోని 'ది అవుట్‌సైడర్స్' అనే సంస్థ తయారుచేయగా 2022 సెప్టెంబరులో విడుదలైంది.

ఇందులో ఎప్పుడు పేల్చినా తుపాకీ పేలుతుంది. కానీ దెబ్బ మీద పేలిస్తేనే గుండుకు బలం. తాళం తప్పకుండా ఆడేకొద్దీ లెక్క 2, 4, 8, 16 రెట్లకు పెరుగుతుంది. ఒక్కో మెట్టులో పాటకు కొత్త వాయిద్యాలు తోడవుతాయి. 16 రెట్లకు చేరితేనే గాయకుడి గొంతు వినిపిస్తుంది. తాళం తప్పితే మళ్లీ కిందికి. అంటే పాట మొత్తం వినాలంటే దాన్ని సంపాదించుకోవాలి!

నిమిషానికి 120 దెబ్బల పాట అనుకుందాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. ఆ అర సెకనులోనే శత్రువును చూడాలి, గురిపెట్టాలి, తప్పుకోవాలి. మాకు బ్యాంకులో నోట్ల కట్టలు లెక్కపెట్టడం గుర్తొచ్చింది. చేతి వేగం ఒకే తీరున సాగినంతసేపూ లెక్క తప్పేది కాదు. ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచే!

ఇటువంటి ఆటలు కొత్తవి కావు. 2001లో జపాన్ సంస్థ సెగా విడుదల చేసిన 'రెజ్'లో ఆటగాడు కాల్చిన చప్పుడును ఆటే పాటలో కలిపేసుకుంటుంది. 2020లో వచ్చిన 'బీపీఎం: బుల్లెట్స్ పర్ మినిట్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో దెబ్బ మీద తప్ప తుపాకీ పేలదు. హెల్‌సింగర్ ఈ రెండింటికీ మధ్య దారి.

ఆడినవారు ఏమంటున్నారు? హెల్‌సింగర్‌ను కొన్నవారిలో అత్యధికులు మెచ్చుకున్నారు. త్వరగా అయిపోతుందన్నది ముఖ్యమైన ఫిర్యాదు. హెవీ మెటల్ సంగీతం గిట్టనివారికి ఇది తలనొప్పే. బీపీఎం విషయంలో తెర మీది రంగులు కళ్లకు మరీ ఎక్కువయ్యాయనీ, గెలుపోటములు కొంత అదృష్టం మీద ఉన్నాయనీ కొందరు అన్నారు.

నేనూ ప్రయత్నించాను. మోకాలి మీద ఆదితాళం వేస్తూ ఆడినా ప్రతి గుండూ ఆలస్యమే! మనవడు నవ్వి, "తప్పు మీది కాదు తాతయ్యా, వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌ది. శబ్దం మీ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతోంది" అన్నాడు. ఆ ఆలస్యాన్ని సరిచేసే సదుపాయం గేమ్‌లోనే ఉంది. అది సరిచేశాక నాలుగు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. నా పొరపాటు అప్పుడు తెలిసింది. ఆ విద్యార్థి మాట కూడా నా చెవికి ఆలస్యంగానే చేరింది.

అలాగని ఈ ఆటలు అందరికీ తగినవని చెప్పను. ఇందులో నరకం, రాక్షసులు, రక్తపాతం ఉన్నాయి. చిన్నపిల్లలకు తగదు. తల్లిదండ్రులు కొనేముందు వయసు సూచన చూడాలి. ఒక పూట పిల్లల పక్కన కూర్చుని చూడాలి. విద్యార్థులు కూడా ఆటకు రోజూ ఎంత సమయం పోతోందో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. లెక్క రాస్తేనే ఖర్చు తెలుస్తుంది. సమయమైనా అంతే.

ఆ విద్యార్థి మార్కులు మళ్లీ పరిశీలించమని కమిటీకి లేఖ రాశాను. నిర్ణయం వారిది. ఇకపై ఎవరు ఏ అభిరుచి చెప్పినా, "అందులో నీకు కష్టమైనది ఏమిటి? దాన్ని ఎలా సాధించావు?" అని అడిగాకే మార్కు వేస్తాను. ఇంటర్వ్యూకు వచ్చే విద్యార్థులారా, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని రండి.