తోక మీద మచ్చ ఉంటే పరకేనా?

వానలు పడి చెరువులు నిండగానే రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లల్లో చేపపిల్లలు వదిలే పని మొదలవుతుంది. చెరువులకు ఉచితంగా పిల్లల్ని ఇచ్చే సర్కారు పథకం 2016లో వచ్చింది. చెరువులో వదిలే పిల్ల 35-40 మిల్లీమీటర్లు, అంటే అంగుళమున్నర ఉంటుంది. ఆ సైజులో అన్నీ ఒక్కలాగే మెరుస్తాయి. తోక దగ్గర నల్లమచ్చ కనబడితే చాలు, పరక కలిసిందని ఏరి పారేస్తే నష్టమే. ఎందుకంటే మోసు (మృగాల) పిల్లకు కూడా తోక మొదట్లో మూడు మూలల నల్లమచ్చ ఉంటుంది.

మన చెరువుల్లో మామూలుగా దొరికే పరకకు రెండు మచ్చలుంటాయి. ఒకటి తోక మొదట్లో గుండ్రంగా ఉంటుంది. రెండోది వీపు మీది రెక్క అడుగున, నడిమధ్య ఉంటుంది. రెక్క విప్పితేనే అది కనబడుతుంది కాబట్టి పిల్లను చేతిలో పట్టి చూస్తే లాభం లేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో వదిలి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. పరక ఒళ్లు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మూతి దగ్గర మీసాలుండవు. మోసు ఒళ్లు సన్నగా, పొడుగ్గా సాగి, మూతి దగ్గర చిన్న మీసాల జత ఉంటుంది. కాస్త ఎదిగిన పిల్లయితే పొలుసులే చెబుతాయి. తల నుంచి తోక దాకా ఒక వరసలో పరకకు 25కు అటూఇటూగా, మోసుకు 40 దాకా ఉంటాయి.

బొచ్చెతో ఈ తికమక లేదు. తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, తోక మీద మచ్చ కొట్టొచ్చినట్టు ఉండదు. రవ్వకు పెదవుల అంచులు కుచ్చుల్లాగా ఉంటాయి. గండుపరిగె మాత్రం పరక జాతిదే అయినా దానికి నాలుగు మీసాలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, బొచ్చె పైనీళ్లలో, రవ్వ నడుమ, మోసు అడుగున మేస్తాయి. మోసును పారేస్తే అడుగు మేత వృథా. పరకను వదిలితే అది చెరువులోనే గుడ్లు పెట్టి పెరిగి, మేతకు పోటీ వస్తుంది. బొచ్చె, రవ్వ, మోసు నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు కదా. అట్లని పరక పనికిరాని చేప కాదు. ముల్లుతో సహా నమిలి తింటే ఒంటికి కాల్షియం దొరుకుతుంది. గంపలో కనబడితే కొనుక్కోవాల్సిందే.

సంచి విప్పగానే నాలుగైదు చోట్ల నుంచి గుప్పెడు పిల్లల్ని తీసి తెల్ల పళ్లెంలో చూసుకోవాలి. సొంత గుంతల్లో పెంచేవాళ్లు నీళ్లు వచ్చే పైపుకు సన్న కన్నుల జాలి కట్టుకోవాలి. పరక గుడ్లు, పిల్లలు వచ్చేది అటునుంచే.