రాగి బిందె నీళ్లు రొయ్యకు పడవు

రొయ్య అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఇగురు. గాజు తొట్టిలో పెంచుకునే చెర్రీ రొయ్య అందుకు పనికిరాదు. ఎంత పెరిగినా 4 సెంటీమీటర్లకు మించదు. చైనా, తైవాన్ వాగుల్లో ఇది మట్టిరంగులో ఉంటుంది. వాటిలో ఎర్రటివి ఏరి, తరాల తరబడి జతకట్టించగా వచ్చినవే దుకాణాల్లో మనం చూసే ఎర్ర రొయ్యలు.

ఇంటి తొట్టిలో ఇది ఇట్టే పిల్లలు పెడుతుంది. నిజానికి మంచినీటి రొయ్యలన్నింటికీ అది చేతకాదు. మన చెరువుల్లో పెంచే నీలకంఠ రొయ్యనే చూడండి. బతికేది మంచినీళ్లలోనే, కానీ దాని పిల్లలకు తొలి రోజుల్లో ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. మలేషియాలోని పెనాంగ్‌లో శాస్త్రవేత్త షావో-వెన్ లింగ్ 1961లో ఈ గుట్టు తెలుసుకున్నాకే వాటి హేచరీలకు దారి పడింది. నాచు మేయడంలో పేరున్న అమానో రొయ్యదీ ఇదే తీరు. తొట్టిలో గుడ్లు మోస్తుంది, పిల్లలు మాత్రం మిగలవు. చెర్రీ రొయ్యకు ఉప్పునీటితో పనే లేదు. తల్లి పొట్ట కింది ఈతకాళ్ల మధ్య పాతిక ముప్పై గుడ్లు పెట్టుకుని, వాటికి గాలి ఆడేలా కాళ్లు ఆడిస్తూ దాదాపు నెల మోస్తుంది. గుడ్డులోంచి వచ్చేది అచ్చం తల్లిలాంటి బుల్లి రొయ్యే.

ఇంత గట్టి ప్రాణి కూడా మన అతిశుభ్రత వల్ల చచ్చిపోవచ్చు. ఆర్వో నీళ్లు స్వచ్ఛమైనవి కదా అని నేరుగా నింపేస్తాం. రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడవాలి. లోపల కొత్త చర్మం తయారయ్యాక వీపు దగ్గర గుల్ల విచ్చుకుంటుంది. ఒక్క ఊపులో బయటికి దూకి, నీరు పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటుంది. ఆ మెత్తని ఒళ్లు గట్టిపడటానికి కాల్షియం కావాలి. ఆర్వో నీళ్లలో అది దాదాపు ఉండదు. మనం తిట్టుకునే బోరునీళ్లు, మరీ ఉప్పగా లేకపోతే, దీనికి నయం. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి.

రాగి సంగతి ఇంకా విచిత్రం. మన రక్తంలో ఆక్సిజన్ మోసే పని ఇనుముది. రొయ్యలో ఆ పని రాగిది. ఒంట్లో రాగి లేనిదే బతకలేని జీవిని, నీళ్లలో కరిగిన కొద్దిపాటి రాగి మొప్పలను దెబ్బతీసి చంపేస్తుంది. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లు మీరు తాగితే తాగండి, తొట్టిలో పోయకండి. చేపల మందు కొనేటప్పుడు కూడా అందులో రాగి ఉందేమో చూడండి.

తొట్టి పెట్టిన రోజే రొయ్యలను వదలడం మరో తొందరపాటు. వాటి విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగైదు వారాలు పడుతుంది. స్పాంజి ఫిల్టరు అయితే పిల్లలు అందులోకి లాక్కుపోవు. మేతకు పెద్ద ఖర్చు లేదు. వీధిలో రాలిన బాదం ఆకు, మందులు చల్లని చోటిది, ఎండబెట్టి కడిగి వేస్తే చాలు. దానిమీద పేరుకునే సూక్ష్మజీవుల జిగురుపొరను రోజంతా గీరుకు తింటాయి. మే నెలలో మాత్రం జాగ్రత్త: నీరు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి రొయ్యలు డీలాపడతాయి. నీటి మీదుగా ఫ్యాను తిప్పితే కుండనీళ్లలాగే చల్లబడుతుంది.

ఒకరోజు అడుగున రొయ్య ఆకారంలో తెల్లటిదేదో పడి ఉంటుంది. చచ్చిందని కంగారుపడి తీసేయకండి. అది విడిచిన గుల్ల. అందులోని కాల్షియం కోసం రెండు రోజుల్లో అవే కొరికి తినేస్తాయి.