నెత్తురు రంగు మారింది... నాటకం ఎప్పుడు ముగుస్తుంది?

సినిమాకు రెండో భాగం వస్తుందంటే మనకు కొత్తేమీ కాదు. 2015లో ‘బాహుబలి’ చూసి, కట్టప్ప ఆ పని ఎందుకు చేశాడో తెలుసుకోవడానికి 2017 దాకా ఎదురుచూసిన వాళ్ళమే కదా మనమంతా! రెండోది మొదటిదానికంటే బాగుందా లేదా అని మేడమీద వడియాలు పెడుతూ కూడా చర్చించుకున్నాం. మరి మన పిల్లలు ఫోనులో ఆడే ఆటకు కూడా రెండో అవతారం ఉంటుందనీ, మొదటిదానికీ దానికీ తేడాలుంటాయనీ, ఆ తేడాల్లో ఒకటి నేరుగా తల్లి ఫోనుకే వచ్చి వాలుతుందనీ మనలో ఎంతమందికి తెలుసు?

పబ్జీ సంగతే చెబుతున్నాను. ఆ పేరు వినని తల్లి ఉండదు. 2019 జనవరిలో ఢిల్లీలో ప్రధాని మోదీ పరీక్షల గురించి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడుతున్నప్పుడు ఒక తల్లి లేచి, మా అబ్బాయి ఆన్‌లైన్ ఆటల్లో పడి చదువు పక్కన పెట్టేశాడని మొరపెట్టుకుంది. పబ్జీ ఆడేవాడేనా అని ఆయన అడగ్గానే హాలంతా గొల్లున నవ్వింది. నవ్విన వాళ్ళలో ఎన్ని ఇళ్ళలో అదే బాధ ఉందో మరి!

ఆ ఆట ఏమిటో తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. వందమంది ఆటగాళ్ళు విమానంలోంచి గొడుగుల్లాంటి పారాచూట్లతో ఒక దీవి మీద దిగుతారు. చేతిలో ఏమీ ఉండదు. పాడుబడిన ఇళ్ళలో తుపాకులూ, మందులూ వెతుక్కోవాలి. చుట్టూ ఒక వలయం బిగుసుకుంటూ వస్తుంది, దాని బయట ఉంటే ప్రాణం పోతుంది. చివరికి ఎవరు మిగిలితే వాళ్ళదే గెలుపు. ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ అనే ఆయన, ‘బ్యాటిల్ రాయల్’ అనే జపాన్ సినిమా ఇచ్చిన ఊహతో తయారుచేసిన ఆట ఇది. కొరియా కంపెనీ ద్వారా 2017లో కంప్యూటర్లకు వచ్చింది. 2018లో చైనా కంపెనీ టెన్సెంట్ దాన్ని ఫోనుల్లోకి తెచ్చింది. అక్కడినుంచి మన పిల్లల చేతుల్లోకి!

నిషేధించింది మనకోసం కాదు

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ ఒకటి. చిత్తూరులో ఉండే మా అక్క ఆ వార్త విని వెంటనే గుడికి వెళ్ళి టెంకాయ కొట్టి వచ్చింది. అప్పుడు ఇంటర్ చదువుతున్న వాళ్ళ అబ్బాయి మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కరోనా రోజులు. ఆన్‌లైన్ క్లాసుల కోసమని మనమే పిల్లలకు ఫోన్లు కొనిచ్చిన కాలం అది.

చాలామంది తల్లులు, పిల్లలు చెడిపోతున్నారని ప్రభుత్వం ఆ ఆటను ఆపిందనుకున్నారు. నిజానికి ఆపింది అందుకు కాదు. ఆ ఏడాది జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు అమరులయ్యారు. ఆ తర్వాత, మన జనం వివరాలు దేశం దాటి పోతున్నాయన్న ఆందోళనతో చైనా సంబంధం ఉన్న యాప్‌లను వరసగా ఆపారు. పబ్జీని ఫోనుల్లో నడుపుతున్నది చైనా కంపెనీ కాబట్టి అదీ పోయింది. పిల్లల నిద్ర గురించి, చదువు గురించి ఆ ఉత్తర్వులో చింత లేదు.

ఈ సంగతి తెలిస్తే, అదే ఆట పది నెలల్లోనే ఎలా తిరిగొచ్చిందో కూడా అర్థమవుతుంది. కొరియా కంపెనీ క్రాఫ్టన్ చైనా భాగస్వామిని పక్కన పెట్టి, తానే మన దేశం కోసం వేరే పేరుతో ఆటను తెచ్చింది. పేరు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. పిల్లలు బీజీఎంఐ అంటారు. 2021 జులై 2న వచ్చింది. 2022 జులైలో ప్రభుత్వం చెప్పడంతో ఫోన్ దుకాణాల నుంచి మళ్ళీ మాయమైంది. 2023 మే నెలలో కొన్ని షరతులతో, మూడు నెలలు చూద్దామన్న ఒప్పందం మీద తిరిగి వచ్చింది. అప్పటినుంచి ఉంది.

మారినవి ఏమిటి?

మా అక్క కొడుకు ఇప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరం. పాతదీ కొత్తదీ రెండూ ఆడినవాడు. మొన్న తిరుపతికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను.

“ఏం మారిందిరా ఇందులో?”

“నెత్తురు మారింది చిన్నమ్మా!” అన్నాడు నవ్వుతూ.

నిజమే. పాతదాంట్లో తూటా తగిలితే ఎర్రగా చిమ్మేది. కొత్తదాంట్లో ఆకుపచ్చగా చిమ్ముతుంది. ‘చంపావు’ అనే మాట తీసేసి కాస్త మెత్తని మాటలు పెట్టారు. బొమ్మలకు బట్టలు నిండుగా వేశారు. ఆట మొదలయ్యే ముందు, ఇది నిజం లోకం కాదు, ఊహాలోకం అని ఒక గొంతు గుర్తుచేస్తుంది. పాత ఆటలో సంపాదించుకున్న దుస్తులూ, తుపాకుల సోకులూ కొత్తదాంట్లోకి తెచ్చుకునే వీలు కూడా మొదట్లో ఇచ్చారు. ఇల్లు మారినప్పుడు పాత సామాను లారీలో వేసుకుని వచ్చినట్టన్నమాట. దీవి అదే, విమానం అదే, బిగుసుకునే వలయమూ అదే.

ఆ పక్కనే కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తున్న మా అవ్వ అంతా విని ఒకే మాట అడిగింది.

“నెత్తురు ఏ రంగైతే ఏముందిరా! నాటకం ఎప్పుడు ముగుస్తాదో అది చెప్పు.”

అవ్వకు ఫోను ఆటలు తెలియవు. కానీ వేషం కట్టి ఆడే ఆటలు బాగా తెలుసు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎండాకాలంలో మహాభారతం పెడతారు కదా. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మానెక్కుతాడు. ఆఖరున దుర్యోధనుణ్ణి మట్టితో పెద్ద బొమ్మగా చేసి నేలమీద పడుకోబెడతారు. భీముడు తొడమీద కొడితే ఎర్రటి రంగునీళ్ళు. ద్రౌపది శపథం తీరి జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ సాయంత్రం అగ్నిగుండం తొక్కడం. ఆ నెత్తురు ఎర్రదే. తల్లుల చంకల్లో పిల్లలు కూడా కళ్ళింతలు చేసుకుని చూసేవాళ్ళు. కానీ తెల్లారితే భీముడు రంగు కడుక్కుని చేనుకు వెళ్ళిపోయేవాడు. నాటకానికి ఒక తెల్లవారడం ఉండేది.

మొదటి పబ్జీకి ఆ తెల్లవారడం లేదు. ఒక ఆట సుమారు అరగంట. అయిపోగానే ఇంకొకటి. రాత్రి ఒంటిగంటైనా దీవి మీద విమానం ఎగురుతూనే ఉంటుంది. రెండోదానిలో వచ్చిన అసలు మార్పు ఇక్కడే ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లలకు రోజుకు 3 గంటలు, అది దాటితే ఆట దానంతట అదే ఆగిపోతుంది. 2023లో తిరిగొచ్చినప్పుడు పెద్దవాళ్ళకు కూడా 6 గంటల హద్దు పెట్టారు. 18 లోపు వాళ్ళు ఆడాలంటే తల్లిదో తండ్రిదో ఫోన్ నంబరు ఇవ్వాలి, ఆ ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలి.

పిల్లలు రంగు గురించి చెబుతారు. మనం అడగవలసింది గడియారం గురించీ, ఓటీపీ గురించీ.

ఇరవై ఏళ్ళ పదో తరగతి పిల్లలు

మా అబ్బాయి పదో తరగతి. ఒక ఆదివారం నేను పులిహోరకు పోపు పెడుతుంటే ఫోన్ మోగింది, ఓటీపీ. గ్యాసుబండ వచ్చిందేమో అనుకుని చూస్తే అది కాదు. వాడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఇది దేనికిరా?”

“గేముకమ్మా. పద్దెనిమిది లోపల ఉంటే అమ్మనో నాయననో ఒప్పుకోవాలంట.”

“మీ స్నేహితులంతా ఇట్లానే అడిగినారా వాళ్ళ అమ్మల్ని?”

వాడు పకపకా నవ్వాడు. “మా క్లాసులో సగం మంది గేములో ఇరవై ఏళ్ళోళ్ళేమ్మా! పద్దెనిమిది దాటిందని నొక్కేస్తే ఏమీ అడగదు.”

“మరి నువ్వెందుకు నొక్కలేదు?”

“ఆడేది నీ ఫోన్లోనే కదా, ఎట్లాగూ తెలిసిపోతాదిలే!”

చూశారా! 3 గంటల గడియారం నిజం చెప్పిన పిల్లవాడికే పనిచేస్తుంది. అబద్ధం చెప్పినవాడికి అది 6 గంటలవుతుంది. కంపెనీ తలుపుకు తాళం పెట్టింది, నిజమే. కానీ తాళంచెవిని గుమ్మం మీదే పెట్టి పోయింది. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మన ఇళ్ళలో అది ఎవరో నేను వేరే చెప్పాలా?

ఓటీపీ చెప్పే ముందు వాడి పక్కన కూర్చుని, మా అక్క కొడుకు ఫోనులో ఒక ఆట మొత్తం చూశాను. నలుగురు జట్టు. ఒకడు పుత్తూరు నుంచి, ఒకడు మదనపల్లె నుంచి, మూడోవాడు వాళ్ళ నాన్నకు బదిలీ అయి హైదరాబాదు వెళ్ళిపోయిన పాత బెంచీమేటు. ఒకడికి దెబ్బ తగిలి కింద పడితే మిగతావాళ్ళు పరుగెత్తుకెళ్ళి లేపాలి. మధ్యలో లేచిపోతే జట్టుకు ద్రోహం చేసినట్టే. ఈ ఆటను కాసేపు ఆపి పెట్టడం కుదరదు. ‘అన్నానికి రారా’ అని మనం కేకేస్తే వాడు విసుక్కునేది అందుకే. పాతదాంట్లోనూ ఇదే, కొత్తదాంట్లోనూ ఇదే. ఇది మాత్రం మారలేదు.

అది తెలిశాక మా ఇంట్లో ఒప్పందం మార్చుకున్నాం. గంటలు కాదు, ఆటలు లెక్క. శని ఆదివారాల్లో రెండేసి ఆటలు. మొదలయ్యాక మధ్యలో నేను పిలవను. రెండోది అయ్యాక వాడు మూడోది అడగడు. అడుగుతాడనుకోండి, పిల్లవాడే కదా! కానీ ఫోను మాత్రం పక్కన పెడుతున్నాడు.

చూసుకోవలసిన లెక్కలు

డబ్బు సంగతి. ఈ ఆటను ఉచితంగానే ఆడుకోవచ్చు. కానీ కొత్త దుస్తులు, తుపాకులకు రంగులు కావాలంటే ‘యూసీ’ అనే ఆట నాణేలు అసలు డబ్బుతో కొనాలి. అవి వేసుకుంటే గెలుపేమీ రాదు, సోకు మాత్రమే. 18 లోపు పిల్లలు రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చుపెట్టకుండా 2021లో కంపెనీ హద్దు పెట్టింది. వినడానికి బాగుంది. నెలకు లెక్కవేయండి, 2,10,000 రూపాయలు! మన నెల సరుకుల చీటీ పక్కన పెట్టి చూస్తే ఆ హద్దు ఎవరికి హద్దో తెలుస్తుంది. అందుకే పిల్లల చేతికిచ్చే ఫోనులో బ్యాంకు ఖాతా, యూపీఐ ఉంచకపోవడమే మన హద్దు. గూగుల్ వాళ్ళ ‘ఫ్యామిలీ లింక్’ పెట్టుకుంటే, పిల్లల ఫోను రోజుకెంతసేపు నడవాలో, ఏది కొనాలో మన ఫోను నుంచే చూసుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చాలామంది కలిపేస్తుంటారు. పబ్జీ పోయిన ఆ సెప్టెంబరులోనే మన రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలను నిషేధించాలని నిర్ణయించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం దేశమంతటా డబ్బు పందెం ఆటలను ఆపింది. బీజీఎంఐ లాంటివి పందెం ఆటలు కావు. ఆ చట్టం పోటీ ఆటలను ఒక రకం క్రీడగా గుర్తించింది కూడా. కాబట్టి ‘ప్రభుత్వం ఆపేసిందిలే’ అని నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఆట ఎప్పుడు జబ్బు అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే దీన్ని జబ్బుల జాబితాలోకి చేర్చింది. ఎంతసేపు ఆడాలో తన అదుపులో లేకపోవడం, తిండీ చదువూ స్నేహితులకంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇలా ఏడాది పాటు సాగితే అది జబ్బే అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు అతిగా ఆడినవాణ్ణి రోగి అనకండి. కానీ పై లక్షణాలు కనిపిస్తే తిట్టి లాభం లేదు, డాక్టరు కావాలి. మనకు దగ్గరలో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో దీనికోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్ళే ముందు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు ఉచితంగా సలహా చెబుతారు.

ఈ ఆటకు రేపు ఇంకో అవతారం రావచ్చు. నెత్తురు నీలం కావచ్చు, పేరు మారవచ్చు, ఇంకో దీవి రావచ్చు. పిల్లలు కొత్త సంగతులన్నీ మనకు ఉత్సాహంగా చెబుతారు, విందాం. విన్నాక మా అవ్వ ప్రశ్న ఒకటి వేద్దాం. ఆ ప్రశ్నకు జవాబు ఆటలో దొరక్కపోతే, మన ఇంట్లోనే రాసుకుందాం. ఏమంటారు?