రాకూన్ పూలమడిని ఎందుకు తవ్వుతుంది? ఎలా ఆపాలి?

జర్మనీలోని హానోవర్ నగరానికి తోటలంటే ప్రాణం. హెరెన్‌హౌజెన్ రాజోద్యానంతో పాటు అక్కడ ఎన్నో చిన్న అద్దెతోటలున్నాయి. అలాంటి తోటలో తెల్లారేసరికి పూలమడి తలకిందులై కనిపిస్తే, ఆ పని రాకూన్‌ది కావచ్చు. కళ్లచుట్టూ నల్లపట్టీ, తోకమీద చారలు దీని గుర్తులు.

అక్కడికి ఎలా వచ్చింది?

దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1934లో హెస్సే రాష్ట్రంలోని ఎడర్‌జే జలాశయం దగ్గర రెండు జతలను అడవిలోకి వదిలారు. బొచ్చు కోసం పెంచే ఫారాల నుంచి మరికొన్ని తప్పించుకున్నాయి. వాటి సంతతి జర్మనీ అంతటా పాకింది.

పూలమీద కోపమా?

కాదు. దానికి కావలసింది మట్టిలోని వానపాములు, వేరుపురుగులు. మన వేరుశనగ రైతులను ఏడిపించే తెల్లటి, లావుపాటి పురుగుల లాంటివే ఇవీ. రాకూన్ ముందుపాదాల వేళ్లకు స్పర్శజ్ఞానం చాలా ఎక్కువ. చీకట్లో చూడకుండానే తడిమి పట్టేస్తుంది. తడిమట్టి అయితే తవ్వడం మరీ తేలిక.

ఎలా ఆపాలి?

• సాయంత్రం కాకుండా పొద్దున నీళ్లు పోయాలి.

• రాలిన పండ్లు, పిల్లికి పెట్టిన తిండి రాత్రి బయట ఉంచకూడదు. చెత్తడబ్బా మూత బిగించాలి.

• పూలదుంపలు నాటాక ఇనుపవల పరిచి, పైన పలచగా మట్టి కప్పాలి. మొలకలు వల కన్నాల్లోంచి పైకొస్తాయి.

• వేరుపురుగులు ఎక్కువైతే వేసవి చివర్లో, నేల వెచ్చగా ఉండగా, అతిసూక్ష్మమైన నులిపురుగులను నీళ్లలో కలిపి పోస్తారు. అవి కొన్నిరకాల వేరుపురుగుల్లోకి దూరి చంపేస్తాయి.

విషం మాత్రం పెట్టకూడదు. పిట్టలు, ముళ్లపందులు కూడా దానికి బలైపోతాయి. రాకూన్ పెంటలో మనుషులకు హానిచేసే ఏలికపాముల గుడ్లు ఉండొచ్చు. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా పెద్దలకు చెప్పాలి.