ప్లాన్ తప్పింది మేస్త్రీ.. కూల్చేది మీ ఇల్లు! కట్టే ముందు ఈ రూల్స్ తెలుసుకోండి

ఇల్లు కట్టించే చాలామంది చెప్పే మాట ఒకటే.. ‘అంతా మేస్త్రీ చూసుకుంటాడు’. కానీ తెలంగాణలో చట్టం అలా చూడదు. సెట్‌బ్యాక్ వదలకపోయినా, ప్లాన్‌లో లేని ఫ్లోర్ వేసినా ముందు ఇరుక్కునేది ఓనరే.

పర్మిషన్ ఈజీ.. కానీ!

2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. తర్వాత దాన్నే టీజీ-బీపాస్ అన్నారు. దీని ప్రకారం 75 గజాల్లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే పర్మిషన్ వస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ‘రూల్స్ ప్రకారమే కడతా’ అని హామీ ఇచ్చేది ఓనర్. ఆ మాట తప్పితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది.

మరి కాంట్రాక్టర్‌ను ఏం చేయలేమా?

చేయొచ్చు. రెరా అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం. సొంత స్థలంలో సొంతిల్లు కట్టించుకునేవాళ్లకు దారి వేరే ఉంది. అదే 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇంటి నిర్మాణాన్ని కూడా ఇది ‘సేవ’గానే చూస్తుంది. ఏపీలోనూ ఇదే వర్తిస్తుంది.

కాంట్రాక్టర్‌కు చెల్లించిన మొత్తం రూ.50 లక్షలు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. రూ.5 లక్షల వరకైతే ఫీజు కూడా లేదు. అయితే వివాదం మొదలైన రెండేళ్లలోపే వెళ్లాలి. సందేహాలుంటే 1915 హెల్ప్‌లైన్‌కు కాల్ చేయొచ్చు.

ఇవి మర్చిపోవద్దు

* అగ్రిమెంట్ రాసుకోండి. అప్రూవ్ అయిన ప్లాన్ కాపీ దానికి జత చేయండి.
* సిమెంట్, స్టీల్ ఏ కంపెనీవో, పని ఎప్పటికి పూర్తి చేయాలో రాయించండి.
* ప్లాన్ దాటి కడితే నష్టం కాంట్రాక్టరే భరించాలన్న షరతు పెట్టండి.
* డబ్బులు పని జరిగినంత వరకే, బ్యాంకు ద్వారా ఇవ్వండి.
* పునాది దశలోనే టేపు పెట్టి సెట్‌బ్యాక్ కొలిపించండి. స్లాబ్ పడ్డాక సరిదిద్దడం చాలా కష్టం.

ఒక్క విషయం.. ఎక్స్‌ట్రా గది వేయమని ఓనరే అడిగి ఉంటే, తర్వాత కాంట్రాక్టర్‌పై కేసు నిలబడటం కష్టమే.