పలుచని పొరకు కాంతి ముడులు

తామరాకు మీద పోసిన నీరు పొరగా పరచుకొని నిలువదు. బొట్లు బొట్లుగా విడిపోయి దొర్లుతుంది. నీటి అణువులకు ఆకుతో ఉన్న ఆకర్షణ కంటె తమలో తమకున్న ఆకర్షణ ఎక్కువ. గట్టిగా కనిపించే ప్లాస్టిక్ పొరకు కూడ ఒక్కొక్కప్పుడు ఇదే గతి పట్టుతుంది.

థర్మోకోల్ తయారయ్యే పాలిస్టైరీన్‌నే తీసుకొందాం. దీనిని టొలుయీన్‌లో కరిగించి, నున్నని సిలికాన్ పలక మీద కొన్ని చుక్కలు వేసి, పలకను నిమిషానికి కొన్ని వేల మారులు తిప్పితే ద్రావణం అంచుల వరకు పరచుకొంటుంది. టొలుయీన్ ఆవిరి కాగా మిగిలిన పొర మందం 50 నానోమీటర్లే ఉండవచ్చును. తలవెంట్రుక మందంలో ఇది వెయ్యోవంతుకు మించదు.

చల్లగా ఉన్నంతవరకు ఈ పొర గాజువలె బిగుసుకొని ఉంటుంది. సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే గొలుసులవంటి దాని అణువులకు కదలిక వస్తుంది. అప్పుడు అక్కడక్కడ రంధ్రాలు పుట్టుతాయి. ప్రతి రంధ్రమూ పెరుగుతూ, తొలగిన పదార్థాన్ని తన చుట్టూ గట్టువలె పోగుచేస్తుంది. పక్కపక్క గట్లు ఒరసుకొని సన్నని పట్టీలవుతాయి. పట్టీలు తెగి బొట్లవుతాయి. 100 నానోమీటర్లకంటె పలుచని పాలిస్టైరీన్ పొరలలో ఈ క్రమాన్ని గుంటర్ రైటర్ 1992లో వర్ణించాడు. కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన అశుతోష్ శర్మ ఆయనతో కలిసి 1996లో ఇదే విషయంపై మరొక పరిశోధన ప్రకటించాడు. విద్యుత్తును అడ్డగించడానికో, లోహాన్ని తుప్పునుండి కాపాడడానికో పూసిన పొరలో ఒక్క రంధ్రం పడినా పూత ప్రయోజనం పోయినట్లే.

అణువులు కదలగలిగితేనే పొర చెదరుతుంది. కనుక గొలుసుకూ గొలుసుకూ నడుమ అడ్డుబంధాలు వేసి, అంతటినీ ఒకే వలగా చేస్తే చిక్కు తీరుతుంది. ఈ ఉపాయం కొత్తది కాదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి సాధించినది ఇదే. అయితే మన పొరను వేడిచేయడమంటే, ముడులు పడక ముందే దానిని చెదరగొట్టడం కావచ్చును. పొర చల్లగా, కదలక ఉన్నప్పుడే ముడివేయగల సాధనం కావాలి. ఆ సాధనం కాంతి.

ఇందుకు బెంజోఫినోన్ అనే కీటోన్ బాగా పనికివస్తుంది. సుమారు 350 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల అతినీలలోహిత కాంతిని గ్రహించి అది ఉత్తేజితమవుతుంది. ఆ స్థితిలో దాని ఆక్సిజన్ పరమాణువు, పక్కనున్న గొలుసులోని కార్బన్ నుండి ఒక హైడ్రోజన్‌ను లాగుకొంటుంది. ఇప్పుడు బెంజోఫినోన్ మీద ఒకటి, గొలుసు మీద ఒకటి జతలేని ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఆ రెండూ జతకూడితే కార్బన్–కార్బన్ బంధం ఏర్పడుతుంది. ఇరుగుపొరుగున ఉన్నవే కలుస్తాయి కనుక దూరం పోవలసిన అవసరం లేదు. గడ్డకట్టిన పొరలో సైతం ఈ చర్య సాగడానికి కారణమిదే. బెంజోఫినోన్‌కు గల ఈ గుణం పాత సంగతి. 1900లోనే ఇటలీలోని బొలోన్యాలో చమీచాన్, జిల్బర్ అనేవారు ఆల్కహాలులో కరిగిన బెంజోఫినోన్‌ను ఎండలో ఉంచి, అది హైడ్రోజన్‌ను గ్రహించి మారిపోవడం చూపారు. దీపం కూడ అక్కరలేకపోయినది!

ఒక్క బెంజోఫినోన్ తల ఒక్క గొలుసునే పట్టుకొంటుంది. రెండు తలలు గల అణువైతే రెండు గొలుసులను కలుపుతుంది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కారల్, టురో, కోబర్‌స్టైన్ ప్రభృతులు ఇటువంటి అణువును పొరలో కలిపి, కాంతి సోకించి, పొర చెదరకుండ ఆపవచ్చునని 2006లో ప్రకటించారు.

బంధాలు ఎన్ని కావాలి? లక్ష అణుభారంగల పాలిస్టైరీన్ గొలుసులో దాదాపు 960 స్టైరీన్ భాగాలుంటాయి. గొలుసుకు సగటున ఒక భాగం ముడిపడేసరికే వల అల్లుకోవడం మొదలవుతుంది. విడి గొలుసులు మిగులకుండ ఉండాలంటే ఇంకా కొన్ని కావాలి. అలాగని ఎక్కువైతే పొర పెళుసుబారుతుంది. గాలిలోని ఆక్సిజన్ కూడ జతలేని ఎలక్ట్రాన్లతో కలిసిపోయి, ముడులు పడకుండ అడ్డుతగులుతుంది. ముడి పడినదో లేదో తెలుసుకొనడం మాత్రం సులభం: పొరను మరల టొలుయీన్‌లో ముంచాలి. వల అయిన భాగం ఉబ్బుతుంది గాని కరుగదు.

పొర మీద చిత్రాకారంగా నీడ పడనిస్తే ఎండతగిలిన భాగమే నిలుస్తుంది. నీడలో ఉన్నది కడిగితే పోతుంది. జోసెఫ్ నిసెఫోర్ నియెప్స్ 1827 ప్రాంతంలో ఫ్రాన్సులో ప్యూటర్ అనే తగరపు మిశ్రలోహపు పలకకు ఒక రకపు తారును పలుచగా పూసి, కెమెరాలో కిటికీ ఎదుట ఉంచాడు. వెలుగు తగిలినచోట తారు గట్టిపడినది; తగలనిచోట లావెండర్ నూనె కలిపిన ద్రవంతో కడిగితే పోయినది. కెమెరాతో తీసినవాటిలో నేటికి మిగిలిన అతి పాత చిత్రమైన ఆ పలక అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నది.